కూటిరాయి

మా ఎదురిల్లు ఖాళీ అయి నాలుగు రోజులైంది. సామాన్ల లారీ పోయింది, దాని వెనకే కారు పోయింది, గేటుకు తాళం పడింది. ఆ తాళానికి ఇవతల ఒక కుక్క మిగిలిపోయింది. గోధుమరంగు, వేలాడే చెవులు, మెడలో ఎర్ర పట్టీ. పేరు జిమ్మీ. మూడేళ్ల కిందట దాన్ని చిన్న బుట్టలో పెట్టుకుని తెచ్చిన రోజు ఆ ఇంటాయన వీధంతా తిప్పి చూపించాడు. ఇది మామూలు కుక్క కాదు సార్, దీని తల్లికీ తండ్రికీ కాగితాలున్నాయి అన్నాడు. ఆ కాగితాలు లారీలో భద్రంగా పోయే ఉంటాయి. కుక్కకు చోటు చాలలేదు. అది గేటు కింది సందులో మూతి పెట్టి పడుకుంది, లోపలి నుంచి ఎవరో వస్తారన్నట్లు. అనంతపురం ఎండ సంగతి చెప్పాలా? మధ్యాహ్నానికి ఆ సిమెంటు మీద చెయ్యి పెట్టలేం. అయినా అది నీడకు జరగలేదు. బిస్కెట్లు వేసిన వాళ్లున్నారు, పాలు పోసిన వాళ్లున్నారు. నీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు, వాసన చూసి మూతి తిప్పుకుంది.

నేను గొడుగు పట్టుకుని దాని పక్కన నిలబడి ఉంటే మా కాలనీ సంఘం పెద్ద చంద్రశేఖర్ స్కూటర్ ఆపాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. మనిషి చెడ్డవాడు కాడు, కానీ వీధి శుభ్రంగా ఉండాలంటే దాంట్లో ఏ ప్రాణీ కదలకూడదనుకునే రకం.

"ఏం పెద్దాయనా, కుక్కకు గొడుగు పడతాండావు?"

"నీకు పట్టల్లంటే చెప్పు, వస్తా."

"ఆదివారం బండి వస్తాది లే. పట్టుకొని పోతారు."

"యాడికి?"

"యాడికో. ఊరి బయటికి. పిల్లోల్లు తిరిగే వీధి గదా."

"ఎవర్నన్నా కరిచిందా?"

"కరిచేదాకా చూస్తా కూచోల్లనా?"

"నేను పెట్టుకుంటా."

ఆయన నవ్వాడు. "నీకు ఎనబై దగ్గరికొచ్చె. సరే, పెట్టుకో. కానీ అది నీ ఇంట్లో తింటే గదా నీ కుక్కయ్యేది? మా ఇంటామె పాలన్నం కలిపి పెడితే మొగం అటు తిప్పుకున్నె. శనివారం లోపల నీ వాకిట్లో నాలుగు మెతుకులు తినిపించు, బండోన్ని నేనే వెనక్కి పంపిస్తా."

"మాటేనా?"

"మాటే."

ఆ రోజు బుధవారం. ఇంట్లోకి వచ్చి కొళాయి కింద ఉన్న రాయి ముందు కూర్చున్నాను. అది జానెడు ఎత్తు నల్లరాయి, నడుమ గుంత. పిచ్చుకలు వచ్చి నీళ్లు తాగుతాయని అక్కడ పెట్టాము. దాని అంచు ఒక పక్క అరిగి నున్నగా ఉంటుంది. నీళ్లకు అరిగింది కాదు. నాలుకకు అరిగింది. అది మా కుక్క కరియ కూటిరాయి.

మాది కుందుర్పి పక్క ఒక పల్లె. ఎర్రమన్ను, నల్లగుండ్లు, ఆ నడుమ దొరికిన చోటల్లా శెనక్కాయ చేలు. మట్టి మిద్దె. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కాయ కోసిన తర్వాత ఎండబెట్టిన శెనక్కట్టె వాసన, దాంట్లో పొర్లి వచ్చిన కుక్క ఒంటి వాసన, ఆ రెంటి మీదుగా పొయ్యి దగ్గర నుంచి వచ్చే రాగి సంగటి ఆవిరి. మా అవ్వ, అంటే నాయనకు తల్లి, పొద్దున్నే కుండను కాళ్ల నడుమ ఇరికించుకుని కట్టెతో సంగటి గెలికేది. గెలికినంతసేపూ వాకిట్లో కరియ తోక నేల మీద కొట్టుకునే చప్పుడు వినిపించేది. నల్లగా ఉంటుందని ఆ పేరు. కన్నడ సీమ గట్టు కదా, మా ఊళ్లో నల్లగా ఉన్న ప్రతి కుక్కా కరియే. కుండ దించగానే అవ్వ మొదటి ముద్ద చేసి, చల్లటి నీళ్లలో ముంచి, తీసుకుపోయి వాకిట్లోని రాతిలో పెట్టేది. ఆ తర్వాతే మాకు. ఊరుబిండి పచ్చడి నూరి పక్కన పెట్టుకుని మేం ముగ్గురం ఎదురుచూస్తున్నా సరే, ఆ ముద్ద పోయేదాకా మా పళ్లెంలో ఏమీ పడేది కాదు.

కరువు ఏళ్లలో మా ముద్దలు చిన్నవయ్యాయి. నిమ్మకాయంత అయిన రోజులు కూడా ఉన్నాయి. కరియ ముద్ద మాత్రం తగ్గలేదు. ఒకరోజు నాకు కడుపు మండి అడిగాను.

"అవ్వా, దానికి పెద్దది, నాకు చిన్నదా?"

"నీకు నోరుండాది. అడుగుతాండావు గదా ఇప్పుడు. దానికి యాడుండాది నోరు?"

"మొరుగుతాది గదా."

"మొరిగేది నీ కోసరం. దాని కోసరం ఎప్పుడన్నా మొరిగిందా, చెప్పు?"

నేను చాలా రోజులు కాపలా కాసి చూశాను. నిజమే. దొంగ వస్తే మొరిగేది, పాము వస్తే మొరిగేది, ఆకలైతే మాత్రం రాయి పక్కన ఊరికే కూర్చునేది. తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను, చదివినవాటి మీద వాదించాను, కొన్ని నేనే రాశాను. ఆ రెండు మాటల్లో అవ్వ చెప్పినంత తేటగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మా నాయన తిమ్మప్పది ఇంకో రకం. ఆయన మనుషులతో మాట్లాడే మనిషి కాదు. మా అమ్మతో కూడా అవును కాదు తప్ప మాటల్లేవు. కానీ కుక్కతో మాట్లాడేవాడు. చేని నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, దాని చెవులు నిమురుతూ అన్నీ చెప్పేవాడు. "ఏమప్పా కరియా, ఈ పొద్దు కూడా మబ్బు అట్లే పాయె." "ఎద్దుకు కాలు వాచిందప్పా." మా ఇంట్లో ఏం జరుగుతోందో మాకు తెలిసేది ఆ మాటల వల్లనే. అమ్మ పొయ్యి దగ్గర పని ఆపి చెవి ఇటు వేసేది. వరసగా మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. ఎద్దులు పోయాయి. అప్పుడొక సాయంత్రం నాయన కుక్క ముందు కూర్చుని దాని మెడ నిమిరాడు. తర్వాత చెప్పాడు.

"కరియా, బెంగుళూరికి పోతాండాం. అందరమూ. నిన్ను తీసుకపోయేకి లేదు. హనుమంతు కాడ ఉండల్ల నువ్వు."

అమ్మకూ అవ్వకూ నాకూ ఆ వలస సంగతి తెలిసింది అట్లాగే. హనుమంతు మామ ఊరి ఆ చివర గొర్రెలు కాసుకునేవాడు. నాయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన ఒప్పుకున్నాడు. చిక్కు వచ్చింది రాయి దగ్గర. మా ఊరి పద్ధతి ఏమిటంటే, కుక్కను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఇస్తే దాని కూటిరాయిని కూడా ఇచ్చేయాలి. కుక్క మనిషి వెంట పోదు, రాయి వెంట పోతుందని పెద్దవాళ్ల లెక్క. అయితే ఆ రాయి సగం నేలలో పాతి ఉంటుంది. దాన్ని పెకలించారంటే ఆ కుటుంబం ఊరితో తెంపుకుని పోతున్నట్లు. ఇక తిరిగి రారని అర్థం.

"బిడ్డను ఇచ్చి ఉయ్యాల ఇయ్యనట్ల ఉండాది నీ యవ్వారం. రాయి కూడా ఇయ్యి" అంది అవ్వ.

"రాయి ఎత్తితే ఊరేమంటాది? తిమ్మప్ప ఇల్లు ఎత్తేసినాడంటారు. నేను యాడికీ పోలేదు మా. వాన పడినాక వచ్చేది లేదా మనం?"

"వస్తాం. అదే అంటాండా. మల్లా పాతుకుందువు లే."

"నా వాకిట్లో రాయి నేను ఎత్తను."

నాయన మాటే నెగ్గింది. తాడు కొన హనుమంతు మామ చేతిలో పెట్టి, మూటలు నెత్తిన పెట్టుకుని బయలుదేరాం. వెనక్కి చూడద్దని నాయన నాకు చెప్పాడు. చూశాను. కరియ మొరగలేదు. తాడు బిగిసేంత దూరం వచ్చి అక్కడ కూర్చుంది, రాయి దగ్గర ముద్ద కోసం కూర్చున్నట్లే.

బెంగుళూరులో మేం కట్టిన మేడ ఇప్పుడు ఏ వీధిలో ఉందో నాకు తెలియదు. రేకుల గుడిసె, ఇటుకల దుమ్ము, సిమెంటుకు పగిలిన అమ్మ చేతులు, ఇవే గుర్తు. నేను ఇటుకలు మోసేవాణ్ని. ముద్ద తినేటప్పుడల్లా కరియ ఏం తింటోందో అనిపించేది. మాలో ఎవరికీ అక్షరం రాదు. మేస్త్రీ ఒకాయన కూలీలకు కార్డులు రాసిపెట్టేవాడు. ఆయన దగ్గరికి పోయి, మా ఊరికి ఒక కార్డు రాయాలి అన్నాను.

"ఎవురికిరా?"

"హనుమంతు మామకు. మా కుక్క ఎట్లుండాదో అడగల్ల."

ఆయన చుట్టూ ఉన్నవాళ్లను పిలిచి మరీ నవ్వాడు. "వినండప్పా, వీనికి కుక్క క్షేమం కావల్లంట. తిమ్మప్పన్నా, నీ కొడుకు కుక్కకు కార్డు రాయిస్తాడంట. అది చదివి జవాబు రాస్తాదా రేయ్?"

ఆ నవ్వు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ రోజే అనుకున్నాను, ఈయన చేతిని నేను అడుక్కోను, నా చెయ్యే రాస్తుందని. సామాన్లకు కాపలా ఉన్న ముసలాయన ఒకడు కన్నడం చదివేవాడు. ఆయనకు నీళ్లు మోసిచ్చి అక్షరాలు అడిగాను. బస్సుల బోర్డులు, అంగళ్ల పేర్లు, సిమెంటు సంచులు, ఇవే నా బడి. ఇటుక ముక్కతో కొత్తగా పూసిన గోడ మీద రాసి చీవాట్లు తిన్నాను. కన్నడ అక్షరం వస్తే తెలుగు అక్షరం దాని పక్కింటిదే కదా. నెలన్నర తిరిగేసరికి కార్డు రాశాను. తలకట్లు కన్నడం, మాటలు తెలుగు. ఇంతే రాశాను: 'హనుమంతు మామా, మా కరియ ఎట్లుండాది? తింటాండాదా? ఓబులేసు.' పోస్టు డబ్బాలో వేసే ముందు దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో.

హనుమంతు మామకూ చదువు రాదు. మా ఊరికి వచ్చే పోస్టుమ్యాన్ ఖాదర్ సాబు, రెండు భాషలూ తెలిసినవాడు, చదివి వినిపించి ఆయన చెప్పింది రాసి పంపాడు. 'కరియ మా ఇంట్లో నిలవదు. తాడు కొరికి మీ వాకిట్లో రాయి కాడికి పోతాది. నేను ముద్ద తీసుకపోయి ఆ రాతిలో వేస్తేనే తింటాది. నేను గొర్రెలు తోలుకొని పోయి నాలుగైదు దినాలు రాకపోతే అన్ని దినాలూ పస్తే. మా ఇంటామెకు మోకాళ్ల నొప్పి, అంత దూరం నడవలేదు. ఎముకలు తేలినాయి. ఈడ గడ్డి లేదు, నేను నెలాఖరుకు మందను తోలుకొని చాలా దూరం పోవల్ల. రాయి ఎందుకు ఇడిసిపెట్టి పోతిరి?'

సాయంత్రం అందరి ముందూ ఆ కార్డు చదివాను. నేను చదవగలనని మా వాళ్లకు తెలిసింది అప్పుడే. అయినా ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరి చెవులూ ఎముకలు తేలినాయన్న మాట దగ్గరే ఆగిపోయాయి.

"రాయి ఎత్తమని రాస్తా నాయనా."

"రాయద్దు."

"చచ్చిపోతాది."

"రాయి ఎత్తే పని లేదని చెప్తి గదా."

అవ్వ నా మొహం చూసి, గిన్నెలో ఉన్న తన ముద్దను సగానికి విరిచి పక్కన పెట్టింది. అక్కడ కుక్క లేదు, రాయి లేదు. అలవాటు కొద్దీ చేసిందో, నాకు చూపించడానికి చేసిందో ఇప్పటికీ తేల్చుకోలేను. మరుసటి రోజు నేను రెండో కార్డు రాశాను. 'రాయి ఎత్తి మీ ఇంటికి తీసుకపో మామా. నాయన చెప్పినాడు.' నా జీవితంలో రాసిన మొదటి ఉత్తరం ఒక ప్రశ్న, రెండోది ఒక అబద్ధం. ఇన్ని ఏళ్లు అక్షరాలతోనే బతికాను, అచ్చాపీసులో సీసపు అక్షరాలు పేర్చి పిల్లల్ని సాకాను. ఆ అబద్ధాన్ని దిద్దాలని నాకు ఒక్కనాడూ అనిపించలేదు.

పదిహేను రోజులకు మా ఊరి నుంచి ఇంకొకాయన కూలికి వచ్చాడు. వస్తూనే అందరూ వినేలా అడిగాడు.

"ఏమన్నా తిమ్మప్పన్నా, వాకిట్లో రాయి ఎత్తించినావంటనే? ఇంగ ఊరికి రావా ఏంది?"

నాయన తట్ట దించాడు. నా వైపు చూశాడు. నేను తల దించలేదు. చెంప మీద పడిన దెబ్బకు పక్కనున్న ఇసుకలో పడ్డాను. ఆ తర్వాత మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. చెప్పుకునేందుకు కుక్క కూడా లేదు. ఆ మూడు రోజులు మా నాయన ఎంత ఒంటరిగా ఉన్నాడో దెబ్బ తిన్న నాకే తెలిసింది. నాలుగో రోజు కార్డు వచ్చింది. ఖాదర్ సాబు చేతిరాత. నేను దాన్ని పట్టుకుని నిలబడితే, నాయన చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమని ఉండాది?"

"'రాయి జరిపినాం. తింటాండాది.'"

"అంతేనా?"

"అంతే."

"ఇంగొకసారి చదువు."

మళ్లీ చదివాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని పనికి లేచిపోయాడు. ఆ తర్వాత నెలకోసారి, కార్డు రాసినావా అని ఆయనే అడిగేవాడు. వాన పడి మేం ఊరికి పోయినప్పుడు మూటలు దించకముందే హనుమంతు మామ ఇంటికి నడిచాడు. కరియ ఆయన మీదికి ఎగిరి తువ్వాలు చించేసింది. నాయన ఆ రాయిని భుజాన ఎత్తుకుని, ఊరు ఊరంతా చూస్తుండగా నడివీధిలో నడిచి వచ్చి మా వాకిట్లో మళ్లీ పాతాడు. ఎవరూ ఏమీ అనలేదు. కుక్క ముందు, రాయి మోసే మనిషి వెనక.

కుక్క విశ్వాసం నేర్పుతుందని పిల్లల చేత వ్యాసాలు రాయిస్తారు. నాకు ఆ వ్యాసం చూస్తే ఒళ్లు మండుతుంది. విశ్వాసం దానికుంటే మనకేం వచ్చింది? కరియ మాకు నేర్పింది వేరు. వదిలి పోవలసి వస్తే ఎట్లా వదలాలో నేర్పింది. మేమూ మా కుక్కను వదిలేసిన వాళ్లమే, ఎదురింటి వాళ్లను తిట్టే ముందు ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మేం ఒక మనిషి చేతిలో పెట్టి పోయాం. తప్పు చేశామని తెలిశాక, పరువు పోయినా దిద్దుకున్నాం. తినడానికి గింజ లేని వాళ్లం చేసిన పని, కారులో చల్లగాలి వేసుకుని పోయిన వాళ్లకు ఎందుకు చేతకాలేదని నా కోపం. మా పల్లె నుంచి చివరిసారి వచ్చేసిన రోజు ఆ రాయిని గడ్డపారతో నేనే ఎత్తాను. ఇక తిరిగి పోయేది లేదని తెలిసే ఎత్తాను.

గురువారం ఆ రాతిని కడిగి, మా ఆమె చేత సంగటి చేయించి, మా గేటు దగ్గరికి దొర్లించుకుంటూ పోయి ముద్ద దాంట్లో పెట్టాను. జిమ్మీ వచ్చింది, వాసన చూసింది, వెనక్కి పోయి సందులో మూతి పెట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆమె అంది:

"నీ రాయి దానికేం తెలుసు? అది మీ కరియ రాయి. ఇది ఇన్నాళ్లూ దేంట్లో తినిందో అది కనుక్కో ముందు."

డెబ్బై ఏళ్ల కిందట నేర్చుకున్న పాఠం నేనే సరిగ్గా అప్పజెప్పలేకపోయాను. చంద్రశేఖర్ దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఎదురింటాయన కర్నూలుకు బదిలీ అయి పోయాడు.

"సార్, మీరు తప్పుగా అనుకోవద్దు. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో కుక్కల్ని ఒప్పుకోరు సార్. అక్కడైతే ఎవరో ఒకరు..."

"ఆ సంగతికి తర్వాత తిడతా. దాని గిన్నె యాడుండాది?"

"గిన్నెనా?" నవ్వాడు. బెంగుళూరు మేస్త్రీ నవ్వే అది. "అన్నం గిన్నెనా సార్? ఏమో, ఎక్కడో పారేసి ఉంటాం."

వెనక నుంచి ఒక పిల్ల గొంతు, "పారేయలేదు, నా దగ్గరుంది" అంది. వాళ్ల కూతురు హర్షిత, ఐదో తరగతి. జిమ్మీని సాయంత్రాలు తిప్పేది ఆ పిల్లే. ఫోన్ తనకిమ్మన్నాను.

"తాతా, పచ్చ గిన్నె. పుస్తకాల డబ్బాలో దాచిపెట్టుకున్నా. జిమ్మీ గుర్తుకు."

"అది ఐదు దినాలుగా తినలేదు మా. గిన్నె నీ కాడుంటే నీకు గుర్తుంటాది. దాని కాడుంటే అది తింటాది. నువ్వే చెప్పు."

అవతల డబ్బా తెరుస్తున్న చప్పుడు వినిపించింది.

"నాన్నా, బస్సులో పంపిస్తే ఎప్పటికి చేరుతుంది?" అని అడుగుతోంది ఆ పిల్ల.

శనివారం పొద్దున బస్టాండులో పార్సిల్ తీసుకున్నాను. పాత దుప్పటి ముక్కలో చుట్టిన పచ్చ ప్లాస్టిక్ గిన్నె. అంచు అంతా పంటి గాట్లు. లోపల నోటుబుక్కు కాగితం. 'తాతా, పెరుగు ఎక్కువ వెయ్యండి. కారం వద్దు. తింటే చెప్పండి. ఫోన్ నాన్న నాకివ్వరు, ఉత్తరం రాయండి.' కింద గుండ్రటి అక్షరాలతో చిరునామా, దాని కింద రెండు గీతలు.

సంగటిలో పెరుగు కలిపి ఆ గిన్నెలో పెట్టి, నా గేటు లోపల, కరియ రాయి పక్కన పెట్టాను. జిమ్మీ తల ఎత్తింది. లేవబోయి ఒకసారి తూలింది. వీధి దాటి వచ్చి గిన్నె అంచును చాలాసేపు వాసన చూసింది. పక్కన పరిచిన దుప్పటి ముక్కను చూసింది. అప్పుడు తినడం మొదలుపెట్టింది, గిన్నె నేల మీద గరగరమని జరుగుతుంటే దాని వెంటే తనూ జరుగుతూ. చంద్రశేఖర్ స్కూటర్ ఆపి గేటు మీదుగా చూశాడు.

"రేపు బండి వద్దని చెప్తా లే పెద్దాయనా."

"చెప్పు. వచ్చేటప్పుడు నాలుగు పెరుగు ప్యాకెట్లు తీసుకరా."

మధ్యాహ్నం పోస్టాఫీసుకు పోయాను. కార్డు కావాలంటే ఆ కిటికీలో అమ్మాయి రెండు సొరుగులు వెతికింది. ఐదు తీసుకున్నాను. అక్కడే నిలబడి, గొలుసుతో కట్టిన పెన్నుతో మొదటిది రాశాను. నా చెయ్యి ఇప్పుడు వణుకుతుంది, తలకట్లు మళ్లీ కన్నడం వైపు వాలుతున్నాయి. ఆ పిల్ల చదువుకుంటుంది లే.

'గిన్నె చేరింది. తింటాండాది.'